చెంజి కోట, చెరువు గట్టు: కట్టినవారూ కథకెక్కినవారూ

దక్షిణాదిలో పాత కోట ఉన్న ఊళ్లలో తరచు ఒక చెరువు కూడా ఉంటుంది. ఆ చెరువుకు ఒక కట్ట ఉంటుంది. తెల్లవారుజామున ఆ కట్ట మీద నడిచేవారూ పరుగెత్తేవారూ కనిపిస్తారు. ఇటీవలి దశాబ్దాలలో పరుగు ఒక అలవాటుగా, కొందరికి వ్యసనంగా కూడా మారింది. బండ్ల రొద లేని దారి, ఒక వైపు నీళ్లు, మరొక వైపు వరిపొలాలు, ఎదురుగా కొండ మీద బురుజులు: పరుగెత్తేవారు కోరేది ఇదే. అయితే అలాంటి దారి ఎలా ఏర్పడింది, కోటా చెరువూ ఒకచోట ఎందుకున్నాయి, వాటిని కట్టినవారు ఎవరు అన్న ప్రశ్నలు ఆ దారిన పోయేవారికి సాధారణంగా తట్టవు. ఈ వ్యాసంలో తమిళనాడులోని చెంజి కోటను ఉదాహరణగా తీసుకొని ఆ ప్రశ్నలను పరిశీలిస్తాము. మన పాఠకులలో చాలామందికి ఆ కోట పేరు తెలుసు. అయితే పేరు తెలియడానికీ చరిత్ర తెలియడానికీ మధ్య ఎంత దూరముందో చెప్పడం మా ఉద్దేశం.

చెంజి విలుప్పురం జిల్లాలో ఉంది. తిండివనం నుంచి తిరువణ్ణామలై పోయే దారిలో సుమారు 28 కిలోమీటర్లు పోతే ఊరు వస్తుంది. ఊరు దాటగానే రోడ్డు పాత కోట ఆవరణను చీల్చుకుంటూ సాగుతుంది. ఉత్తరాన కృష్ణగిరి, పడమర రాజగిరి, ఆగ్నేయాన చంద్రాయనదుర్గం అని మూడు కొండలున్నాయి. ఒక్కొక్క కొండా విడిగా ఒక కోట. మూడింటినీ కలుపుతూ సాగిన ప్రాకారం పొడవు సుమారు 13 కిలోమీటర్లు. లోపలి నేల 11 చదరపు కిలోమీటర్ల వరకు ఉంటుంది. రాజగిరి ఎత్తు సుమారు 800 అడుగులు. శిఖరానికి కొంత దిగువన సుమారు 24 అడుగుల వెడల్పు, 60 అడుగుల లోతు ఉన్న చీలిక ఒకటి దారికి అడ్డం వస్తుంది. దాని మీద వంతెన తీసివేస్తే పైనున్నవారిని చేరడం శత్రువుకు అసాధ్యమయ్యేది.

కోట లోపలికి పురావస్తు శాఖవారి వేళలున్నాయి, టిక్కెట్టుంది. కాబట్టి తెల్లవారకముందే బయలుదేరే పరుగరికి బయటి బాటలే గతి. నిజానికి అవే మేలు. ఊరి నుంచి పొలాల మధ్య పోయే దారులు, చెరువు గట్లు, ప్రాకారం వెంట సాగే కాలిబాటలు కలుపుకుంటే, చెంజి స్వరూపం లోపలి నుంచి చూసినప్పటి కంటె స్పష్టంగా తెలుస్తుంది. ఇక్కడ ఈశాన్య ఋతుపవనం అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వాన కురిపిస్తుంది. ఆ వానల తరువాత, డిసెంబరు చివర నుంచి ఫిబ్రవరి వరకు, చెరువులు నిండుగా, గాలి చల్లగా ఉంటుంది. ఎండలు ముదిరాక ఈ బండరాళ్ల మధ్య పరుగు క్షేమం కాదు.

కోటకు చెరువెందుకు

ముట్టడిలో కోటను కాపాడేవి గోడలు మాత్రమే కావు. గింజలూ నీళ్లూ ఉన్నంతకాలమే కోట నిలుస్తుంది. చెంజిలో ఈ రెండింటికీ చేసిన ఏర్పాట్లు నేటికీ కంటికి కనిపిస్తాయి. రాజగిరి దిగువన పెద్ద ధాన్యపు కొట్లున్నాయి. కల్యాణ మహలుకు దగ్గరలో ఏనుగుల కోసం కట్టిన కోనేరుంది, దాన్ని ఆనైకుళం అంటారు. కోట గోడలకు వెలుపల ఉన్న జలాశయం నుంచి మట్టి గొట్టాల ద్వారా కల్యాణ మహలుకు నీరు తెచ్చారు. రాజగిరి దిగువనే చెట్టికుళం, చక్రకుళం అనే రెండు కొలనులున్నాయి. చెట్టికుళాన్ని రామచెట్టి అనే ఆయన తవ్వించాడని ప్రతీతి.

నల్లరాతి గుండ్లతో నిండిన ఈ కొండలు వాన నీటిని పీల్చుకోవు. పడిన నీరు పడినట్టే జారిపోతుంది. ఆ జారే నీటికి దిగువన అడ్డుకట్ట వేస్తే చెరువు. ఎగువ చెరువు నిండితే అలుగు పారి దిగువ చెరువుకు పోతుంది. అది నిండితే ఇంకో చెరువుకు. ఇలా గొలుసుకట్టుగా సాగిన నీరు చివరికి ఏటిలో కలుస్తుంది. చెంజి ప్రాంతపు నీటిని తీసుకుపోయే శంకరాపరణి నదికి వరాహనది అనీ చెంజి నది అనీ పేర్లున్నాయి. అది పుదుచ్చేరికి దక్షిణాన సముద్రంలో కలుస్తుంది. కాబట్టి కొండ మీది కోట, కొండ కింద చెరువు, చెరువు కింద పొలం ఒకే ఏర్పాటులో భాగాలు. కొండ రాజుకు రక్షణ ఇచ్చింది, నీటిని కిందికి పంపింది. ఆ నీటితో పండిన పంటలో రాజు భాగమే కోటలోని సైన్యాన్ని పోషించింది.

విజయనగర కాలపు నాయంకర విధానం ఈ సంబంధాన్ని మరింత బిగించింది. నాయకుడు తనకిచ్చిన సీమ నుంచి రాబడి తీసుకొని, అందులో కొంత రాయలకు చెల్లించి, నిర్ణీత సంఖ్యలో సైన్యాన్ని పోషించాలి. రాబడి పెరగాలంటే సాగు పెరగాలి, సాగు పెరగాలంటే చెరువులుండాలి. చెరువు తవ్వించడం పుణ్యకార్యమని శాసనాలు చెబుతాయి. అది పుణ్యమే కాదు, నాయకుని ఆర్థిక అవసరం కూడా అని గ్రహించాలి.

మాటలలో మిగిలిన చరిత్ర

భాషాశాస్త్రం చదువుకున్నవారికి చెరువు గట్టు మీద నడక ఒక నిఘంటువులో నడకతో సమానం. తెలుగువారి కొలను, తమిళుల కుళం, కన్నడిగుల కొళ ఒక్క ధాతువు నుంచి పుట్టిన తోబుట్టువులు. మన తూము వారి తూంబు. మన అగడ్త వారి అగళి, రెంటికీ తవ్వడం అనే అర్థమే మూలం. మన కోట వారి కోట్టై. చెరువుకు తమిళులు ఏరి అంటారు. తెలుగులో ఏరు అంటే పారే నీరు. కొత్తగా తమిళదేశం చేరిన తెలుగు రైతు మొదటి రోజుల్లో ఈ మాట దగ్గర తికమకపడి ఉంటాడని ఊహించవచ్చు. మిగులు నీరు పొర్లిపోయే చోటును మనం అలుగు అంటాం, నెల్లూరు సీమలో కలుజు అంటారు, తమిళులు కలింగు అంటారు.

చెరువును సంరక్షించే పద్ధతుల పేర్లు ఇంకా ఆసక్తికరమైనవి. చెరువు కట్టినవారికి, మరమ్మత్తు చేసినవారికి ఇచ్చే మాన్యాన్ని తెలుగు శాసనాలు దశబంధం అన్నాయి, కన్నడ శాసనాలు కట్టుకొడగె అన్నాయి. చెరువు బాగోగుల కోసం వేరుచేసిన భూమిని తమిళ శాసనాలు ఏరిప్పట్టి అన్నాయి. ఊరివారందరూ ఇంటికొక మనిషి చొప్పున కలిసి చెరువు బాగుచేసుకొనే ఆచారానికి తమిళంలో కుడిమరామత్తు అని పేరు. కుడి ద్రావిడ పదం, మరామత్తు అరబ్బీ నుంచి పారసీకం మీదుగా వచ్చింది. మన మరమ్మత్తూ అదే. 2017 నుంచి తమిళనాడు ప్రభుత్వం ఈ పేరుతోనే చెరువుల పనులు మళ్లీ చేపట్టింది. తూము తెరిచి పొలాలకు వంతులవారీగా నీరు పంచే మనిషి కోలారు వైపు నీరుగంటి, తెలంగాణలో నీరటి. ఏ ఊరికి పోయినా ఆ పని ఒకటే, ఆ పనికున్న గౌరవమూ ఒకటే.

పరుగు మాటకొస్తే, ప్రాచీన తమిళంలో పరి అంటే వేగం, గుర్రం. అది మన పరుగుకు దాయాది. తమిళుల వాడుకలో పరుగెత్తడానికి ఓడు అన్న క్రియ ఉంది. కన్నడంలోనూ అదే. తెలుగులో ఓడు అంటే పరాజయం పొందడం. రెంటికీ మూలం ఒక్కటే. యుద్ధంలో వెన్ను చూపి పరుగెత్తినవాడే ఓడినవాడు అనే భావం మనలో అర్థాన్ని అటు తిప్పింది. ఊరి నుంచి ఊరికి వార్త మోసే పరుగరుల వరుసను మనం అంచె అన్నాం, తమిళులు తపాలుకు అంజల్ అన్నారు. చెంజి చరిత్రలో ఈ రెండు రకాల పరుగులూ ఉన్నాయి: వార్త మోసే పరుగు, ఓటమి నుంచి తప్పించుకొనే పరుగు. చెప్పబోయే విషయానికి ఈ మాటల సంగతి పనికివస్తుంది.

కట్టినవారు

కోటకు తొలి పునాది 12వ శతాబ్దం చివర ఆనందకోన్ అనే స్థానిక నాయకుడు వేశాడనీ, అతని వంశంలోని కృష్ణకోన్ పేరనే ఉత్తరపు కొండకు కృష్ణగిరి అని పేరు వచ్చిందనీ స్థానిక కైఫీయతులు చెబుతాయి. ఆ తరువాత ఈ సీమ విజయనగర రాయల ఏలుబడిలోకి వచ్చింది. 16వ శతాబ్దం ఆరంభం నుంచి తెలుగుదేశపు మూలాలున్న నాయకులు చెంజిని పాలించారు. తుపాకి కృష్ణప్ప నాయకుడు ఈ పరంపరలో మొదట వినిపించే పేరు. ధాన్యపు కొట్లు, కల్యాణ మహలు, ప్రాకారాల విస్తరణ ఆయన కాలానికి చెందినవని చెబుతారు. నాయకుల వంశక్రమం విషయంలో చరిత్రకారులు ఏకాభిప్రాయానికి రాలేదు కాని, నేడు మనం చూసే చెంజి రూపంలో ప్రధాన భాగం వారి కాలపుదే అన్న విషయంలో భేదం లేదు. దిగువ కోటలోని వేంకటరమణస్వామి ఆలయాన్ని ముత్యాలు నాయకుడు 16వ శతాబ్దం మధ్యలో కట్టించాడు. ముత్యాలు అన్న పేరే ఏ భాషవారిదో చెబుతుంది. తిరుమల వేంకటేశుడు, పట్టాభిరాముడు, కొండల మీద రంగనాథుడు: ఆ కాలపు తెలుగు నాయకుల భక్తి ఏ దిక్కుకు సాగిందో ఈ గుళ్ల పేర్లు సూచిస్తాయి.

1597లో నికొలస్ పిమెంటా అనే జెసూట్ పాదరీ చెంజికి వచ్చాడు. అప్పుడు ఏలుతున్నది రెండవ కృష్ణప్ప నాయకుడు. ఇండియాలో తాము చూసిన నగరాలన్నింటికంటె ఇది పెద్దదనీ, పోర్చుగల్లులో లిస్బన్ తప్ప మరే ఊరూ దీనికి సాటిరాదనీ ఆయన రాశాడు. ఈ కృష్ణప్ప నాయకుడే వెల్లారు నది సముద్రంలో కలిసే చోట కృష్ణపట్టణం అనే ఊరు నెలకొల్పాడు. చిదంబరంలో గోవిందరాజస్వామి సన్నిధిని బాగుచేయించాడు. రెండవ వేంకటపతిరాయలు ఆయనను చెరపట్టగా తంజావూరు రఘునాథ నాయకుడు విడిపించాడు. ఆ తరువాత 1616 ప్రాంతంలో తోపూరు యుద్ధంలో ఆ రఘునాథ నాయకునికే ఎదురునిలిచి జగ్గరాయల పక్షాన పోరాడి ఓడాడు. నాయకుల రాజకీయాలు ఎలాంటివో ఇంతకంటె చెప్పనక్కరలేదు.

ఇక్కడ ఒక తేడా గమనించదగ్గది. తంజావూరు, మధుర నాయకుల ఆస్థానాలు తెలుగు సాహిత్యంలో ఒక యుగానికే పేరయ్యాయి. రఘునాథ నాయకుడు స్వయంగా కవి. చేమకూర వేంకటకవి విజయవిలాసం ఆయన ఆస్థానంలో పుట్టింది. చెంజి నాయకులలో సూరప్ప నాయకుడు రత్నఖేట శ్రీనివాస దీక్షితుని ఆదరించాడు, ఆ దీక్షితులు భావనాపురుషోత్తమం అనే సంస్కృత నాటకం రాశాడు. కాని విజయవిలాసంలా ప్రజల నోట నిలిచిన తెలుగు కావ్యం చెంజి పేరుతో ప్రసిద్ధం కాలేదు. వారి ఘనత రాళ్లలోనూ చెరువులలోనూ ఉంది, పద్యాలలో లేదు.

ఒక కోట, ఎన్నో పేర్లు

1649 నాటికి బీజాపురు సుల్తానుల సైన్యం చెంజిని పట్టుకొని బాద్షాబాద్ అని పేరు పెట్టింది. 1677లో శివాజీ దాన్ని గెలుచుకున్నాడు. పాత గోడలలో కొన్నింటిని తొలగించి కొత్తవి కట్టించిన సంగతి జెసూట్ పాదరీల లేఖలలో ఉంది. మరాఠాలు ఈ ఊరిని చందీ అన్నారు. శివాజీ కుమారుడు రాజారాం 1689లో మొగలుల చేతికి చిక్కకుండా మారువేషంలో మహారాష్ట్ర నుంచి బయలుదేరి చెంజి చేరాడు. 1690 నుంచి 1698 వరకు జుల్ఫికర్ ఖాన్ నాయకత్వంలో మొగలు సేన ముట్టడి సాగింది. అన్నేళ్లూ మరాఠా రాజ్యానికి ఇదే రాజధాని. చివరకు కోట పడిపోయింది కాని అంతకుముందే రాజారాం తప్పించుకున్నాడు. ముట్టడి అన్నేళ్లు సాగడానికి కొండల నిటారుదనం ఎంత కారణమో, లోపలి నీటి వసతి అంత కారణం. మొగలులు కోటకు నుస్రత్‌గఢ్ అని పేరు మార్చారు. ఇంగ్లీషువారి, ఫ్రెంచివారి నోట అది జింజీ అయింది.

ప్రభువులు పెట్టిన పేర్లలో ఒక్కటీ నిలవలేదు. చెంజియమ్మ పేరుతో ఊరివారు పిలుచుకున్న పేరే మిగిలింది. ఊళ్ల పేర్లను పాలకుల ఉత్తరువులు మార్చలేవని భాషాశాస్త్రం చెప్పే మాటకు ఇది మంచి నిదర్శనం.

కథకెక్కినవాడు

మొగలుల తరఫున బుందేల రాజపుత్రుడు స్వరూప్‌సింగ్ చెంజి కిల్లేదారుగా ఉన్నాడు. అతని మరణం తరువాత కొడుకు తేజ్‌సింగ్ వచ్చాడు. తండ్రి బకాయిపడ్డ కప్పం చెల్లించమని ఆర్కాటు నవాబు సాదతుల్లా ఖాన్ కోరాడు. తేజ్‌సింగ్ నిరాకరించాడు. 1714 అక్టోబరులో జరిగిన యుద్ధంలో కొద్దిపాటి సైన్యంతో నవాబు సేనను ఎదిరించి మరణించాడు. అప్పటికి అతని వయస్సు 22 ఏళ్లని చెబుతారు. భార్య సహగమనం చేసింది. రాణిపేట పేరు ఆమెను బట్టే వచ్చిందని ప్రసిద్ధి. చెట్టికుళం గట్టున ఉన్న ఒక అరుగును వారిని దహనం చేసిన చోటుగా నేటికీ చూపుతారు. కోటలో సాదతుల్లా ఖాన్ పేరనున్న మసీదు 1717–18 నాటిది.

ఆ తేజ్‌సింగే దేసింగురాజు. అతడు చెంజిని ఏలినది ఏడాది కూడా నిండలేదు. అతని భాష తెలుగు కాదు, తమిళం కాదు. ఈ నేల మీద అతడు కట్టించిన చెరువు గాని గుడి గాని చెప్పుకోదగ్గది లేదు. అయినా తమిళదేశంలో దేసింగురాజన్ కథ ఊరూరా పాడారు. తెలుగులోనూ దేసింగురాజు కథ వీరగాథగా, బుర్రకథగా పల్లెలలో తిరిగింది. 1960లో చలనచిత్రం కూడా వచ్చింది. కథలో అతని గుర్రం ఉంది, ప్రాణమిత్రుడు మహబత్ ఖాన్ ఉన్నాడు, పెళ్లి పందిరి నుంచి యుద్ధానికి పోవడం ఉంది. హిందువుకూ ముసల్మానుకూ మధ్య చెలిమిని అంత అందంగా చెప్పిన జానపద గాథలు అరుదు.

సుమారు 140 ఏళ్లు పాలించి, కోటను విస్తరించి, గుళ్లు కట్టి, చెరువులు నిలిపిన నాయకుల మీద అలాంటి గాథ లేదు. కొద్ది నెలలు ఏలి ఓడిన యువకుని మీద రెండు భాషలలో ఉంది. ఎందుకిలా జరిగింది?

ఇలాంటిదే మరొకటి చూద్దాం. 1750 సెప్టెంబరులో ఒక రాత్రి ఫ్రెంచి సేనాని బుస్సీ నిచ్చెనలు వేసి, ద్వారాలు పగలగొట్టి, అభేద్యమనుకున్న చెంజిని తెల్లవారేసరికి పట్టుకున్నాడు. ఆ విజయం మీద మనవారు పాట కట్టలేదు. అదే బుస్సీ 1757 జనవరి 24న విజయనగరం రాజు విజయరామరాజుతో కలిసి బొబ్బిలి కోట మీద పడ్డాడు. అక్కడ ఓడినవారి మీద బొబ్బిలి కథ పుట్టింది. కళింగాంధ్రంలోనే కాక ఒడిశాలోని తెలుగు పల్లెలలోనూ దాన్ని విన్నవారున్నారు. చెంజిలో దేసింగురాజు, బొబ్బిలిలో రంగారావు, తాండ్ర పాపారాయుడు: జనం గెలిచినవాణ్ణి కాక నిలబడి ఓడినవాణ్ణి తలచుకున్నారు. పారిపోయినవాడిని తలచుకోలేదు. ఓడు అన్న మాటకు పరుగు, పరాజయం అని రెండర్థాలున్నాయని పైన చెప్పాం. మన గాథాకారులు ఆ రెండింటినీ వేరుచేశారు. పరుగెత్తకుండా ఓడినవాడే వారికి వీరుడు.

కట్టడం అలా కథకు ఒదగదు. చెరువు తవ్వడానికి ఏళ్లు పడుతుంది. అందులో ఒక్క క్షణంలో తేలిపోయే చావుబతుకులు లేవు. తవ్వినవారు వేలమంది, పేర్లు లేనివారు. కట్టించినవాని పేరు శాసనంలో ఒక పంక్తి. గాథ పాడేవానికి అందులో సరుకు తక్కువ. ఇది నాయకులకు జరిగిన అన్యాయం కాదు, గాథ అనే ప్రక్రియ స్వభావం. కాబట్టి కట్టినవారిని గుర్తుంచుకొనే బాధ్యత గాథ మీద కాక చరిత్ర మీద పడుతుంది.

ఇప్పుడు ఎవరిది?

1921లో చెంజి కోట జాతీయ స్మారకంగా రక్షణలోకి వచ్చింది. 1943లో సి.ఎస్. శ్రీనివాసాచారి రాసిన చెంజి చరిత్రను అణ్ణామలై విశ్వవిద్యాలయం ప్రచురించింది. దాన్ని నేటికీ దాటిపోలేము. 2025 జులైలో యునెస్కో భారతీయ మరాఠా సైనిక భూదృశ్యాలు అనే పేరుతో 12 కోటలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వాటిలో 11 మహారాష్ట్రలో ఉన్నాయి, పన్నెండవది చెంజి. ఈ గుర్తింపు సంతోషించదగ్గది. మహారాష్ట్రలో స్థిరపడిన మన పాఠకులకు రాజారాం రాజధాని ఎక్కడో దక్షిణాన ఉందని తెలియడం మంచిదే. మరాఠాల పాత్ర ఆ గోడలలో నిజంగా ఉంది.

కాని జాబితా పేరు ఒక కాలాన్ని మాత్రమే చెబుతుంది. కోన్‌ల కాలం, నాయకుల కాలం, బీజాపురు, మొగలు, ఆర్కాటు, ఫ్రెంచి కాలాలు ఆ పేరులో పట్టవు. దీనికి ప్రతిగా చెంజి తెలుగువారిది అని మరొక పలక తగిలించడం మా అభిమతం కాదు. కొండకు రాళ్లు మోసింది, కట్టకు మట్టి పోసింది ఎక్కువగా ఆ నేల జనమే, వారిలో తమిళులే అధికం. నాయకుడు తెలుగు మాట్లాడినంత మాత్రాన చెరువు తెలుగుది కాదు. అదే విధంగా ఇంకొకరు గెలిచినంత మాత్రాన వారిది కూడా కాదు. కోట ఎవరిది అన్న ప్రశ్న కంటె, ఎవరెవరు ఏమేమి చేశారు అన్న ప్రశ్న ఉపయోగకరమైనది.

పుదుచ్చేరిలో ఈ సంగతి మరింత విశదమవుతుంది. సముద్రతీరాన గాంధీ విగ్రహం చుట్టూ ఎనిమిది రాతి స్తంభాలున్నాయి. అవి చెంజి వేంకటరమణస్వామి ఆలయం నుంచి ఫ్రెంచివారు తరలించినవని చెబుతారు. ఒకప్పుడు వాటి నడుమ డూప్లే విగ్రహం ఉండేది. పనుల మీద యానాం నుంచి పుదుచ్చేరి వచ్చే తెలుగువారు ఆ స్తంభాల పక్కనుంచే నడుస్తారు, ఉదయం పూట ఎందరో అక్కడే పరుగెత్తుతారు. ముత్యాలు నాయకుని గుడి నుంచి వచ్చిన రాళ్లు డూప్లేకూ గాంధీజీకీ నిలిచాయి. వాటి మూలం తెలిసిన పరుగరులు ఎందరు?

మన పని

తెలుగుదేశం వెలుపల తరతరాలుగా స్థిరపడిన మన కుటుంబాలలో చాలామందికి ఇంట్లో తెలుగు ఉంది, బడిలో లేదు. లిపి రాని తరాలు గడిచాయి. ఇలాంటి స్థితిలో మొదట జారిపోయేవి పండుగ మాటలు కావు, పని మాటలు. తూము, మదుము, అలుగు, వంతు, కట్ట, నీరుకట్టు వంటివి చెరువు వాడకంలో ఉన్నంతకాలమే బతుకుతాయి. బోరుబావి వచ్చాక చెరువు దగ్గర పని తగ్గింది, ఆ మాటలు పలికే సందర్భం పోయింది. డెబ్భై ఏళ్లు దాటిన పెద్దలు ఉన్నప్పుడే వాటిని రాసిపెట్టుకోవాలి. ఏ మాట తెలుగుగా మిగిలింది, ఏది తమిళమయింది, ఏది కన్నడమో ఒడియానో మరాఠీనో అయింది అన్న వివరం వలసల చరిత్రకు శాసనమంత విలువైన ఆధారం. లిపి రానివారు స్థానిక లిపిలో రాసినా సరే, రికార్డు చేసి పంపినా సరే.

యువకులకు ఇంకొక మాట. మీలో పరుగెత్తేవారు ఎందరో ఉన్నారు. చెంజిలో గాని, వేలూరు కోట అగడ్త వెంట గాని, మీ ఊరి చెరువు గట్టున గాని పరుగెత్తేటప్పుడు దారిలోని తూము దగ్గర ఒక్క నిమిషం ఆగండి. తూము రాతి మీద అక్షరాలుంటే ఫొటో తీయండి. సుద్దముక్కతో రుద్దవద్దు, నూనె పూయవద్దు. కట్ట వాలు మీద గడ్డి మట్టిని పట్టి ఉంచుతుంది, అడ్డదారి తొక్కి దాన్ని చెరపవద్దు. ప్రాకారాల మీదికి ఎక్కవద్దు. దగ్గరలో నీరుగంటి ఉంటే ఆయననే అడగండి, ఈ తూముకు పేరేమిటని. చాలా తూములకు పేర్లుంటాయి. ఆ పేరు తెలుగైనా తమిళమైనా కన్నడమైనా, విన్నది విన్నట్టు రాసుకోండి.

చెట్టికుళం గట్టున దేసింగురాజు అరుగు ముందు ఆగేవారు తప్పకుండా ఆగాలి, ఆ కథ అందుకు తగినదే. ఆగినప్పుడు వెనక్కి తిరిగి నీళ్లకేసి కూడా చూడాలి. వాన పడిన ఏడు ఆ నీరు ఇప్పటికీ నిలుస్తుంది. ఆ నీటిని నిలిపినవారి కథను పాటగా ఎవరూ కట్టలేదు కనుక, వచనంలోనైనా మనం చెప్పుకోవాలి.